పండుగప్ప కోసిన మనిషి

నువైద్రాత్, బహ్రెయిన్
12 మార్చి 1994

నాగేంద్రబాబు గారికి,

మీ పుస్తకం అందింది. రెండో ముద్రణకు తప్పులు చూడమన్నారు. మత్స్యశాఖ పడవ మీద మీ కింద పద్దెనిమిదేళ్లు పనిచేసినవాణ్ణి కనుక చూశాను. తప్పు ఒక్కటే, నలభై ఒకటో పేజీలో. చిన్న పండుగప్ప చేపలన్నీ మగవనీ, పెద్దయ్యాక అవే ఆడవిగా మారతాయనీ "నేను గమనించాను" అని రాశారు. ఆ సంగతి మీకు చెప్పింది నేను.

ఇక్కడ చేపల గోదాములో డ్యూటీ అయ్యాక ఒక రష్యా శాస్త్రవేత్త జీవితకథ చదువుతున్నాను. ఆయన ఇరవై ఏళ్లు నది ఒడ్డున గుడిసెలో ఉండి చేపల గురించి పరిశోధించాడు, పిల్లలకు పక్షుల కథలూ రాశాడు. ఏ సంగతి ఏ జాలరి చెప్పాడో పేరుతో సహా అచ్చు వేశాడు. పైవాళ్లు ఆ పేర్లు కొట్టేయమంటే ఉద్యోగమే వదులుకున్నాడు. ఆయన చేతిలోనూ కలమే ఉంది, మీ చేతిలోనూ కలమే ఉంది.

ఇదంతా చెబితే, క్యాంపులో నా గదిలో ఉండే తెలంగాణ కుర్రాడు ముత్యం, "మరి నీకెవలు చెప్పిన్రు తాతా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చెప్పింది మా అక్క నరసాయమ్మ. బజార్లో ముప్పై ఏళ్లు చేపలు కోసిన మనిషి. "ఒరేయ్, పిల్లచేప కడుపులో గుడ్ల జన ఏనాడైనా సూశావేంట్రా? పెద్దయితేగానీ ఇది ఆడది అవ్వదు" అంది. మీ దగ్గర ఆ మాట నాదేనని చెప్పుకున్నాను.

అక్కకు డెబ్బై దాటాయి. ఆ పేజీలో మీ పేరూ వద్దు, నా పేరూ వద్దు. ఆమె బతికుండగానే ఆమె పేరు వేయండి.

ఇట్లు,
మీ పాత పడవ మనిషి