నాన్న కుండలో గాజు

గనిలో ఉన్న అన్నయ్యకు,

మన మంచూరియాను ఆక్రమించిన జపాను వాళ్ళు సిన్‌జింగ్ అని కొత్త రాజధాని కడుతున్నారుగా, దాని పెద్ద రోడ్డు మన శ్మశానం మీదుగానే గీశారు. సమాధికొక పేరుచెక్క పాతారు. ఎముకలను ఆ పేరుతో కుండకెత్తి వేరేచోట పూడుస్తామన్నారు.

నా చేతి దురద నీకు తెలుసుగా. తికమకపడి పని ఆపేస్తారని చెక్కలన్నీ అటూ ఇటూ మార్చేశాను. వాళ్ళు ఆగలేదు. చెక్క మీదున్నదే నమ్మి తవ్వేశారు.

నిన్న పక్కింటి గెంగ్ తన తల్లి పేరున్న కుండ విప్పి, తవ్విన ముసలి కూలీ మీద పడ్డాడు. "మా అమ్మ పచ్చరాతి గాజేదిరా, దొంగవెధవా?"

"ఒట్టు బాబూ, ఆ గుంటలో మగాడి బూట్లే ఉన్నాయి."

"మా అమ్మ బూట్లు తొడుక్కుందంటావా!" అని గెంగ్ ఇంకో రెండు తగిలించి పోలీసులకు పట్టించాడు.

నాన్న కుండ విప్పి చూస్తే ఆ గాజు అందులోనే ఉంది.

చెప్తే నలభై ఇళ్ళవాళ్ళకు తమ వాళ్ళు ఏ కుండలో ఉన్నారో తెలియకుండా పోతుంది. చెప్పకపోతే ముసలాడు ఠాణాలోనే చస్తాడు. అక్కడికి పోయినవాడు తిరిగొచ్చింది నేను చూడలేదు.

గాజు పట్టుకుని ఇప్పుడే ఠాణాకు బయలుదేరుతున్నాను. నువ్వు ఇంటికొచ్చినప్పుడు నేను లేకపోతే, నాన్న కోసం నలభై కుండలకూ దండం పెట్టు.

నీ తమ్ముడు