బావ కంప్యూటర్ నేను ఖరాబు చెయ్యలే

అమ్మా, మేమందరం మంచిగనే ఉన్నం. రత్నాకర్ బావ ఫోన్ చేసి, నీ కొడుకు జిరాక్స్ షాపు కంప్యూటర్ ఖరాబు చేసిండంటే నమ్మకు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ నేనే కొత్తయి ఏసిన, మస్తు స్పీడ్ నడిచింది. దసరాకు ఆయుధపూజ అని బావ మూత ఇప్పి లోపల గూడ పసుపు కుంకుమ చల్లిండు. తెల్లారి ఆన్ కాలే.

"పది ఫెయిలైనోనికి స్క్రూడ్రైవర్ ఇస్తే గిట్లనే అయితది" అని గిరాకీల ముంగటనే అన్నడు. ఇప్పి చూస్తే ర్యామ్ పెట్టే సందుల అంతా కుంకుమే. కుంకుమంతా దులిపి, పెన్సిల్ రబ్బరుతోని ర్యామ్ తుడిచి పెట్టిన, నడుస్తుంది. ఇప్పుడేమో అంతా అమ్మవారి దయ అంటుండు. అక్క చూసింది, ఆమెనడుగు.

బర్రె ఈనిందా? నా నీలి అంగీ పంపు. నానమ్మ కాళ్లు మొక్కినన్నని చెప్పు. బావ నన్ను మన ఊరికి, రేగోడ్‌కు తోలుతనంటే, తోలకుమని నువ్వే చెప్పాలె. ఆయన ముంగట నాకు నోరు లేస్తలేదు.