అమ్మాయి కథకు ఊ కొట్టడం

సోమవారం
తెల్లవారుజాము నుంచి ముసురు. కొట్టంలో నేలంతా జారుడు. ఆవుల పాలు తీసి, పేడ ఎత్తి, గడ్డి వేసేసరికి ఎండ వచ్చింది.

అమ్మాయి కథలు చెప్పే జట్టులో చేరాలనుకుంటోంది. పాట, ఆట, మాట అన్నీ తనే. పాలసముద్రాన్ని చిలికిన కథ ఎంచుకుంది. ఆదివారం జట్టు పెద్దావిడ మా ఇంటికొచ్చి వింటుంది. నచ్చితే మర్నాడే ప్రయాణం. పక్కన కూర్చుని ఊ కొట్టే మనిషిని ఎవరికి వారే తెచ్చుకోవాలి. ఆ జట్టు పద్ధతి అది. నేనొస్తానన్నాను.

"నువ్వా నాన్నా? రెండో పాటకే గురక పెడతావు."

"చూస్తూ ఉండు."

తీర్మానం: రోజూ సాయంత్రం కథ చివరిదాకా వినాలి. ముగింపు తను మార్చిందట. ఎలాగో చెప్పదు. వింటేనే తెలుస్తుందట.

మంగళవారం
కొండను సముద్రంలో దించేదాకా మెలకువగా ఉన్నాను! పాము బుసకొట్టినచోట గట్టిగా ఊ అన్నాను. అమ్మాయి నవ్వింది. ఆ తరువాత కాస్త కన్ను మూతపడిన మాట నిజమే.

బుధవారం
తప్పు కుర్చీది. మరీ మెత్తన. పాల క్యాను బోర్లించి కూర్చున్నాను. విషం పుట్టేదాకా విన్నాను. కిందపడ్డాను.

"విషం మింగినాయన కూడా అలా పడలేదు కదయ్యా!" వంటింట్లోంచి మా ఆవిడ.

గురువారం
ఎర్రావు ఈనింది. ఈరోజు లెక్కలోకి రాదు.

శుక్రవారం
దూడ దగ్గరే కూర్చున్నాను. దూడకు నా అవసరం లేదు.

శనివారం
నిద్రలో కూడా ఊ కొట్టానట. అదీ సరైనచోటే. అంతకంటే ఏం కావాలి? అమ్మాయి అన్నం సరిగా తినలేదు.

ఆదివారం
పెద్దావిడ వచ్చింది. వరండాలో చాప వేశాం. నిద్ర దగ్గరకు రాలేదు! విషం దాటాం. ఇక సముద్రంలోంచి ఆవు లేవాలి. అమ్మాయి దాన్ని పిలుస్తూ పాట ఎత్తుకుంది. పాలు తీసేముందు నేను వేసే కేకనే రాగం కట్టింది. కొట్టంలో ఆవులన్నీ ఒక్కసారిగా అరిచాయి. బకెట్ తీసుకుని వెళ్లిపోయాను. రెండో ఆవు దగ్గర గుర్తొచ్చింది.

పరుగున వచ్చేసరికి కథ అయిపోయింది. నా చోట మా ఆవిడ కూర్చుని ఉంది. వారమంతా వంటింట్లోంచి వింటూనే ఉందట.

"వీళ్లిద్దరినీ తీసుకెళ్తాను," అంది పెద్దావిడ. నా బకెట్ చూసింది. "మీరు ఆ మిగతా ఆవుల సంగతి చూడండి బాబూ."

"చివర ఏమైందే?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"మధ్యలో లేచినవాళ్లకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది నీ కూతురు."

సోమవారం
ముసురు లేదు. దూడ బాగుంది.

రోజూ సాయంత్రం ఫోనులో కథ చెబుతానంది అమ్మాయి. ఊ వినబడకపోతే పెట్టేస్తుందట. తీర్మానం: నిలబడి వినాలి. చివరిదాకా.

జట్టు వ్యాను ఏడింటికి వచ్చింది. అమ్మాయి, వాళ్లమ్మ ఏడుంబావుకి వెళ్లారు.