మూడింట రెండు

మామయ్యగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. ఒక చిన్న చిక్కు వచ్చింది. మీ పంపుగదిలోని మెషీను రోజూ మా ఆఫీసుకి సమాచారం పంపుతుంది కదా. లోపల మీరు కాక రెండో మనిషి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. తీగలో వచ్చేటప్పుడు సున్నా కాస్తా ఒకటిగా మారిపోవడం మామూలే. అందుకే ప్రతి అంకెనీ మూడుసార్లు పంపేలా పెట్టాం. మూడింట రెండు ఏది చెబితే అది నిజం. మిగిలినదాన్ని దిద్దేస్తాం. నిన్న సున్నా, సున్నా, ఒకటి వచ్చాయి. దిద్దాను. గదిలో ఒక్కరే ఉండాలని రూలు; నిజంగానే ఎవరినైనా పెట్టుకుంటే మాత్రం మీ ఉద్యోగమూ పోతుంది, గదీ పోతుంది.

మీ అల్లుడు

తా.క. "నాన్నకి తోడు దొరికితే మంచిదేగా" అని మీ అమ్మాయి నవ్వుతోంది. మా పైవాళ్ళు నవ్వరు.

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఈ గది పోతే నాకు వేరే చోటు లేదు. మీ ఇంట్లో ఉండమంటారు గాని, నాకు మొహమాటం. మీ పద్ధతి బాగుంది. ఉత్తరాలు కూడా దారిలో చెడతాయేమో. ఇకనుంచి నేనూ ప్రతి ఉత్తరాన్నీ మూడుసార్లు రాసి వేరువేరు కవర్లలో వేస్తాను.

ఇట్లు, మీ మామ

తా.క. మూడింటికీ జవాబు రాయక్కర్లేదు.

*

మామయ్యగారికి నమస్కారాలు.

మూడూ అందాయి. రెండింటిలో ఒక్కణ్ణే ఉన్నానని ఉంది. ఒకదాంట్లో ఇద్దరం ఉన్నామని ఉంది. రాసి రాసి విసుగొచ్చి పొరబడి ఉంటారు. ఆ ముక్క కొట్టేశాను. నిశ్చింతగా ఉండండి.

మీ అల్లుడు

తా.క. ఆ తప్పు ఉత్తరంలో నా నడుంనొప్పి ఎలా ఉందని అడిగారు. మీరు ఇదివరకు ఎప్పుడూ అడగలేదు. సంతోషం.

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

నేనలా రాయలేదు. మీ నడుం సంగతి నాకు తెలియదు. నిన్న మంచినీళ్ళు తెచ్చుకుని వచ్చేసరికి నా చొక్కా ఉతికి తాడు మీద ఆరేసి ఉంది. కుర్చీ వెచ్చగా ఉంది. ఎవరని అడిగాను. "కూర్చోండి, అలసిపోయారు" అని వినబడింది. గొంతు నాదే. భయంగా ఉంది. వచ్చి తీసుకువెళ్ళండి. మొహమాటపడను.

ఇట్లు, మీ మామ

తా.క. ఉతకడం మాత్రం శుభ్రంగా ఉతికాడు.

*

మామయ్యగారికి నమస్కారాలు.

మూడు ఉత్తరాలూ వచ్చాయి. రెండింటిలో ఇద్దరం హాయిగా ఉన్నాం, రావద్దు అని ఉంది. ఒకదాంట్లో కుర్చీ వెచ్చగా ఉందని, తీసుకువెళ్ళమని ఏదో ఉంది. పద్ధతి ప్రకారం అది తప్పు. పక్కన పెట్టేశాను. మెషీను కూడా ఒకటి, ఒకటి, ఒకటి అంటోంది. ఇక నేను దిద్దడానికేమీ లేదు. ఇద్దరిలో ఒకరు ఈ వారంలోగా వెళ్ళిపోవాలి. లేకపోతే గది ఖాళీ చేయిస్తారు.

మీ అల్లుడు

తా.క. మీ అమ్మాయి ఆ ఒక్క ఉత్తరమే పట్టుకుని, ఇదే నాన్న రాసింది అని ఏడుస్తోంది. లెక్క చెప్పి ఊరుకోబెట్టాను.

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీరు చెప్పినట్టే ఒకరు వెళ్ళిపోయారు. మెత్తని మనిషి, గొడవ చెయ్యలేదు. ఇప్పుడు నేను ఒక్కణ్ణే ఉన్నాను. మూడు ఉత్తరాలూ ఒకేలా ఉంటాయి, సరిచూసుకోండి. మెషీనూ సున్నా, సున్నా, సున్నా అంటుంది. ఉద్యోగం నిలబెట్టారు. మేలు మరచిపోను. అమ్మాయిని చూడటానికి ఆదివారం వస్తున్నాను.

ఇట్లు, మీ మామ

తా.క. అమ్మాయి నన్ను నాన్నా అంటుందా, నాన్నగారూ అంటుందా? ముందే తెలిస్తే మంచిది.