గ్యాలరీలో మొదటి అరుపు

1987 ఆగస్టు 10, సోమవారం

చిరంజీవి లియొన్‌కు మీ అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను, నాన్న, రెజీనా అక్క, దాని బుడ్డోడు, అందరం క్షేమం. మన ఊరి బేస్‌బాల్ జట్టు హెరాన్స్ ఒక్కటే క్షేమంగా లేదు. నువ్వు అక్కడ వేళకు తింటున్నావనీ, నీ గదిలో ఫ్యాను బాగు చేయించారనీ తలుస్తాను. నీ ఉత్తరం గురువారం అందింది. ఈ నాలుగు రోజుల్లో మూడుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. ఇది నాలుగోది. దీన్ని కూడా చించకుండా మీ నాన్న ఎదురుగా కూర్చుని, పేపరు చదువుతున్నట్టు నటిస్తూ కాపలా కాస్తున్నాడు.

ముందు ఆట సంగతి రాసేస్తాను, లేకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది. మంగళవారం ఓడారు. బుధవారం ఓడారు. గురువారం వాన పడి ఆట ఆగిపోయింది, ఆ ఒక్కరోజు ఓడలేదు. శుక్రవారం ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా రెండు పరుగులు ముందున్నారు. అప్పుడొక సులువైన బంతి ఆకాశంలోకి లేచి, ఎవరి ఒళ్లో పడదామా అన్నట్టు నింపాదిగా దిగింది. ఇద్దరు ఫీల్డర్లు దాని కింద చేరి నువ్వు పట్టంటే నువ్వు పట్టంటూ మర్యాదలకు పోయారు. బంతి ఇద్దరి మధ్యా పడింది. మూడు పరుగులు వచ్చాయి అవతలి వాళ్లకు. జట్టుకు కొంగ పేరు పెట్టి, చొక్కా మీద కొంగ బొమ్మ వేయించినవాడెవడో గానీ ముందుచూపు ఉన్నవాడు. మనవాళ్లు మైదానంలో చేసేది అచ్చంగా కొంగ జపమే. కాకపోతే కొంగ చివరికి చేపనైనా పట్టుకుంటుంది.

నాకు కాలు ఒకచోట నిలవడం లేదు లియొన్. ఉతికిన కర్టెన్లే మళ్లీ ఉతికాను. రేడియో పెడతాను, తిట్టి కట్టేస్తాను, మెట్లు దిగేసరికి స్కోరు ఎంతయిందోనని మళ్లీ పైకి వెళతాను. ఈ గోల భరించలేక మీ నాన్న రేడియోను వంటింట్లోంచి తీసేశాడు. అందుకని వాకిట్లో ఆగివున్న కారులో కూర్చుని వింటున్నాను. మొన్న శనివారం మధ్యాహ్నం ఆయన బేకరీ నుంచి వచ్చి, కారు అద్దంలోంచి తొంగిచూసి, ఎక్కడిదాకా వెళ్లొచ్చావని అడిగాడు. ఆరో ఇన్నింగ్స్ దాకా అన్నాను. తలూపి లోపలికి వెళ్లిపోయాడు. ఆట వాళ్లది, కడుపుమంట నీది అని ఆయన పాతికేళ్లుగా అంటున్నదే. ఈ ఏడు మాత్రం ఆ మాట అనడం మానేశాడు. కడుపుమంట ఆయనకూ అంటుకుంది.

ఇక నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. నాన్న మోకాలు ఫర్వాలేదు. వానపడే రోజుల్లో తప్ప కుంటడం లేదు. నీ పాత గ్లవ్ అటక మీదనే ఉంది, నూనె రాసి పెట్టాను. నీ చొక్కా నంబరు ఇంకొకరికి ఇచ్చారా అని అడిగావు. ఇచ్చారు. లేదని రాద్దామని ఒక్క క్షణం అనిపించింది గానీ, అబద్ధం రాస్తే ఈ ఉత్తరం మొత్తానికే అర్థం ఉండదు. టెక్సాస్ నుంచి వచ్చిన ఒక లావుపాటి కుర్రాడికి ఇచ్చారు. మొదటి రోజే గురి తప్పిన బంతులేసి ఐదుగురు బ్యాటర్లను ఊరికే నడిపించి బేస్ మీదికి పంపాడు. పాపం, జనం వాడినీ వదల్లేదు.

నీ నాలుగో ప్రశ్న ఉంది. దాని దగ్గరికి వస్తున్నాను. కాస్త ఆగు.

నువ్వు నాలుగేళ్లవాడివిగా ఉన్నప్పటి నుంచి కుడివైపు గ్యాలరీ మన ఇల్లే అనుకో. బల్లల మీద ఆవపిండి ముద్ద పూసిన సాసేజ్ తింటూ అంకెలు నేర్చుకున్నావు. అక్కడ మనకొక పద్ధతి ఉండేది. అవతలి జట్టును తిట్టొచ్చు, అంపైర్‌ను తిట్టొచ్చు, మన జట్టును అందరికంటే ఎక్కువ తిట్టొచ్చు. కానీ ఆట అయ్యేదాకా లేచి వెళ్లకూడదు. పోస్ట్‌మన్ గస్ పందొమ్మిదేళ్లుగా నా వెనక బల్ల మీదే కూర్చుంటున్నాడు. ఒక్కరోజు కూడా ఆట మధ్యలో లేవలేదు. నువ్వు హెరాన్స్‌కు ఎంపికైన రోజు నాకంటే వాడే ఎక్కువ ఏడ్చాడు.

ఏప్రిల్‌లో క్లబ్బువాళ్లు నాకు ఆటగాళ్ల కుటుంబాల కుర్చీ ఇచ్చారు. మెత్తటి కుర్చీ, నీడ, పక్కన సెంటు పూసుకున్న భార్యలు. వాళ్లు రెండు వేళ్లతో చప్పట్లు కొడతారు. ఎవరైనా బంతి జారవిడిస్తే అయ్యో అని అరిచాననుకో, ఆ జారవిడిచినవాడి పెళ్లామే నా పక్కన కూర్చుని ఉంటుంది. నోరు కుట్టేసుకుని మూడు నెలలు కూర్చున్నాను. జూన్‌లో వరసగా పదకొండు ఆటలు ఓడేసరికి గస్, వాడి స్నేహితులు కిరాణా కొట్టు కాగితం సంచులకు కళ్ల దగ్గర చిల్లులు కోసి, తలకు తగిలించుకుని రావడం మొదలుపెట్టారు, ఇలాంటి జట్టు అభిమానులమని ఎవరికీ తెలియకుండా. నాలుగు రోజుల్లో గ్యాలరీ సగం సంచులే. కింద నీడలో కూర్చుని వాళ్లను చూస్తుంటే నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న. జూలై పందొమ్మిదిన, నువ్వు ఇక్కడ ఆడిన ఆఖరి ఆదివారం, కుడివైపు గ్యాలరీలో సంచి తగిలించుకున్న మనిషి ఒకరు బల్ల ఎక్కి, వాణ్ణి తీసేయండని అరవడం విన్నావు. సంచి మీద ఎర్ర పెన్సిల్‌తో ఏడుస్తున్న కొంగ బొమ్మ ఉందని రాశావు. ఆ అరుపు అందుకుని మైదానం మొత్తం అరిచింది. మర్నాడే నిన్ను అయోవాకు, కింది జట్టుకు పంపించేశారు. అక్కడ బంతి వేయడానికి పిచర్ దిబ్బ ఎక్కినప్పుడల్లా ముందు ఆ ఒక్క గొంతే వినిపిస్తోందనీ, చెయ్యి బిగుసుకుపోయి బంతి ఎటో పోతోందనీ రాశావు. కోచ్ రెండు వారాలు గడువు ఇచ్చాడనీ, ఆట వదిలేసి నాన్నతో బేకరీలో చేరతాననీ రాశావు. అతనెవరో గస్‌ను అడిగి కనుక్కోమన్నావు. ఆ రోజు నా కుర్చీ ఖాళీగా కనిపించింది కాబట్టి అమ్మ ఇదంతా చూడలేదు, అదే మేలు అని కూడా రాశావు.

ఆ చివరి వాక్యం దగ్గరే మూడు ఉత్తరాలూ చించాను.

లియొన్, ఆ సంచి కింద ఉన్నది నేను.

అప్పటికి వారం రోజులుగా నేను పైన గ్యాలరీకే వెళుతున్నాను. ఆటగాళ్ల భార్యలు చిన్నబుచ్చుకుంటారని సంచి తగిలించుకున్నాను. ఆ కొంగ బొమ్మ రెజీనా వేసిచ్చింది. నాకు ఒంట్లో బాగాలేదని మీ నాన్న నీకు చెప్పింది అబద్ధం. నాకోసం ఆయన ఆడిన అబద్ధం.

మూడో ఇన్నింగ్స్‌లో నువ్వు ముగ్గురిని వరసగా నడిపించి బేస్‌లన్నీ నింపేశావు. నాలుగోవాడు బంతిని కంచె దాటించాడు, ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు. తర్వాతివాణ్ణీ నడిపించావు. నీ మోచెయ్యి కిందికి జారిపోతోంది, అది అక్కడి నుంచే నాకు కనిపిస్తోంది. మేనేజర్ మాత్రం నిన్ను మార్చకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎండ మాడ్చేస్తోంది. సంచిలో నా ఊపిరే నాకు వేడిగా తగులుతోంది. ఎప్పుడు బల్ల ఎక్కానో తెలియదు. సంచిలో నాకే పోల్చుకోలేని గొంతుతో అరిచాను. గస్ నా మోచెయ్యి పట్టుకుని, చాలా మెల్లగా అన్నాడు.

"బెర్నిస్, అక్కడున్నది మన లియొన్."

నేనేమన్నానో కూడా రాస్తాను. రాయకపోతే సగం చెప్పినట్టే.

"తెలుసు గస్. కానీ ఇవాళ వాడి చేతిలో పస లేదు."

మళ్లీ అరిచాను. ఈసారి మైదానమంతా నాతో కలిసింది. నువ్వు టోపీ సర్దుకుని, తల వంచుకుని నడిచి వెళుతుంటే అప్పుడు ఒళ్లు తెలిసింది. సంచి తీసేసి దానిలోనే మొహం తుడుచుకున్నాను. ఆట మధ్యలో లేచి ఇంటికి వెళ్లిపోయాను. పందొమ్మిదేళ్లలో మొదటిసారి. గస్ నన్ను ఆపలేదు. ఆ తర్వాత నేను మైదానం మొహం చూడలేదు. గ్యాలరీలో ఎవరూ ఈ మాట బయటికి పొక్కనివ్వలేదు. అది నాకోసం కాదు, నీకోసం.

నిన్న ఇదంతా రాయబోతుంటే మీ నాన్న పేపరు దించాడు.

"నువ్వు కష్టపడుతుంటే చూడలేక తీసేయమని అరిచానని రాయి బెర్నీ. వాడు నమ్ముతాడు."

"వాడు నమ్ముతాడు. మరి నేను?"

ఆయన లేచి, రొట్టె కోసి నా ముందు పెట్టాడు.

నిజం ఏమిటంటే, ఆ రెండు నిమిషాలు నేను నీ అమ్మను కాదు. ఏప్రిల్ నుంచి ఓడి ఓడి పిచ్చెక్కిన ఒక అభిమానిని. జట్టు గెలవాలి, అంతే. ఎదురుగా ఎవరున్నారన్నది నాకు తెలిసీ పట్టలేదు. ఇది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. ఇంకా సిగ్గు ఏమిటంటే, మోచెయ్యి సంగతి నేను సరిగ్గానే చూశాను. ఆ రోజు నీ చేతిలో పస లేదు. కానీ ఒక రోజు లేకపోవడం వేరు, ఎప్పటికీ లేకపోవడం వేరు. ఆ తేడా చెప్పాల్సిన మనిషిని నేనే, చెప్పాల్సిన చోట అరిచాను. నన్ను క్షమించు నాన్నా. క్షమించడానికి టైము కావాలంటే తీసుకో. కోపంగా జవాబు రాస్తే రాయి, అసలు జవాబే రాయకపోతే మాత్రం తట్టుకోలేను.

నీకు బేకరీ మీద మనసుంటే రా. మీ నాన్నకంటే సంతోషించేవాడు ఉండడు, తెల్లవారకముందే నిన్ను లేపి పిండి దగ్గర నిలబెడతాడు. కానీ ఒక అరుపు తరిమిందని మాత్రం రాకు. కోచ్ ఇచ్చిన గడువులో ఇంకా ఆరు రోజులున్నాయి. మోచెయ్యి పైకి పెట్టు. నేనూ నువ్వూ వెనక సందులో ఆడేటప్పుడు ఎక్కడ ఉండేదో అక్కడికి.

ఇన్నాళ్లూ అది ముక్కూ మొహం తెలియనివాడి గొంతని, ఊరందరి తీర్పని అనుకుని భయపడ్డావు. కాదు. అది స్నానం చెయ్యమని, కూరలు తినమని, మెట్ల మీద బంతి కొట్టొద్దని ఇరవై మూడేళ్లుగా నీ మీద అరుస్తున్న గొంతే. దాని మాట ఒక్కరోజైనా విన్నావా నువ్వు? ఇప్పుడు కొత్తగా వినడం మొదలుపెట్టకు.

ఇట్లు,
నోరు పెద్దదైన మీ అమ్మ,
బెర్నిస్