ప్లగ్గు పీకినా

అక్కా,

ఇవాళ నీ సంవత్సరీకం. బీడీలు చుట్టడం అయ్యాక నువ్వు ఫోన్‌లో రాసుకున్న బ్లాగును, కుంఠా నాకా బస్తీలోని మనింట్లోనే మూడు పాత కంప్యూటర్లను ఒక్కటిగా పనిచేసే క్లస్టర్‌గా కలిపి మళ్లీ నిలబెట్టాను.

భోజనానికొచ్చిన మీ ఆయన, చదువురాని అమ్మ ముందే, "ఇజ్జత్ పోతున్నది, బంద్ జెయ్" అంటూ ఒకదాని ప్లగ్గు పీకేశాడు. నేను అడ్డుపడలేదు. నీకు జ్వరమొస్తే నీ వంతు బీడీలు పక్కనున్న ఆడవాళ్లు చుట్టేసేవాళ్లు కదా, అలాగే దాని పనిని మిగతా రెండూ అందుకున్నాయి.

బావ తన ఫోన్‌లో చూశాడు. నీ పేజీ తెరుచుకుంది. అన్నిటికన్నా పైన, ఆయన నీ ఫోన్ పగలగొట్టిన రోజు నువ్వు పక్కింటివాళ్ల ఫోన్‌లో రాసిన ముక్క.

"బంద్ గాలే, ఇంకా చాలూనే ఉన్నదేంది?" అన్నాడు.

"ఉంటది బావా. గట్టిగ సదువు, అమ్మకు ఇనవడాలె."