గోతి మీదుగా ఆఖరి పాస్

కలఫత్ పట్టణం, రేవు వీధి కాపురస్తుడను, కీర్తిశేషులు మిత్రుత్ బ్లిదారు గారి కుమారుడను, మా ఊరి జట్టుకు పద్దెనిమిదేళ్లు మధ్యవరుసలో ఫుట్‌బాల్ ఆడిన ఒక్తావియన్ బ్లిదారు అనే నేను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసి ఉంచిన వీలునామా ఏమనగా: నా బుద్ధి నిలకడగా ఉంది. నిలకడ లేనిది ఎడమ మోకాలు ఒక్కటే. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురు ఇలింకాది. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు; అవి అల్లుడి మీద కోపంలో రాసినవి.

1. ఇల్లు, పెరడు, ద్రాక్షపందిరి సర్వహక్కులతో ఇలింకాకు చెందాలి. నేలమాళిగలోని ద్రాక్షసారా పీపాల తాళం ఆమె దగ్గరే ఉండాలి. అల్లుడు ఫ్లోరియా మంచివాడే. కానీ ద్రాక్షసారాలో కోలా కలుపుకునే మనిషికి తాళం ఇవ్వడం నా వల్ల కాదు.

2. జాతీయ జట్టు చొక్కా కూడా ఇలింకాదే. దాన్ని వేసుకుని ఒకే ఒక్క మ్యాచ్‌లో ఆఖరి నాలుగు నిమిషాలు ఆడాను. బంతి నా వైపు రానే లేదు. చిన్నప్పుడు జ్వరం వస్తే నువ్వు దాన్నే కప్పుకుని పడుకునేదానివి, తల్లీ. ఆ చొక్కా అందుకైనా పనికొచ్చినందుకు నాకు సంతోషం.

3. పైన చెప్పిన ఎడమ మోకాలును, "ఏం కాలేదు, పరిగెత్తవయ్యా" అన్న అప్పటి జట్టు డాక్టరుకు రాసిచ్చేవాణ్ణి. చట్టం ఒప్పుకోదని నోటరీ గారన్నారు.

4. ఇక పొంపిలియు గింద్యా సంగతి. ముందువరుసలో ఆడినవాడు, మా పక్క వీధివాడు, నా ప్రాణమిత్రుడు, మొండిఘటం. వాడి గోల్స్‌లో సగానికి పైగా నా కాలి నుంచి వెళ్ళిన బంతులే. కప్పు గెలిచిన రోజు ముగ్గురిని తప్పించుకుని, సరిగ్గా వాడి నెత్తి మీదికి బంతి పంపాను; వాడు తలతో గోల్ కొట్టాడు. పేపరువాళ్ళు అడిగితే వాడన్నది: "ఏముందండీ, బంతి దానంతటదే వచ్చింది." మా ఆవిడ జంఫీరా బతికున్నంత కాలం ఆ మాట తలుచుకుని నవ్వింది. నేను నవ్వలేదు. ఇప్పటికీ నవ్వడం లేదు.

5. కనుక, నన్ను గోతిలో దించాక ఆచారం ప్రకారం గోతి మీదుగా దానంగా ఇచ్చే కోడిని ఈసారి పొంపిలియుకు ఇవ్వాలి. అందరినీ పొడిచే మన ఎర్ర పుంజునే ఇవ్వాలి. పుచ్చుకున్నవాడు నలుగురిలో "బొగ్దాప్రోస్తే" అని కృతజ్ఞత చెప్పక తప్పదు. చెప్పకపోతే ఆ దానం పోయినవాడికి చేరదు. ఎప్పుడూ కోడిని అందుకునే గోతులు తవ్వే మనిషిని ఒక సీసాతో సముదాయించండి.

6. ఆదివారం భోజనాల్లో జంఫీరా కుర్చీ ఇకపై పొంపిలియుది. భార్య పోయినప్పటి నుంచి వాడు డబ్బా చేపలు తిని బతుకుతున్నాడు. పిలిస్తే "ఇప్పుడే తిన్నాన్రా" అంటాడు. అబద్ధం. ఇలింకా, నువ్వు బతిమాలకు. వీలునామాలో ఉంది, రాకపోతే కేసవుతుందని చెప్పు. కాగితమంటే వాడికి భయం. వాడు ఒంటరిగా తినడం నాకు ఇష్టం లేదు, అంతే.

7. పొంపిలియు నాకంటే ముందు పోతే ఏం చేయాలని నోటరీ గారు అడిగారు. ఆ షరతు రాయనన్నాను. నా పాస్ అందుకోకుండా వాడెన్నడూ మైదానం వదిలి వెళ్ళలేదు.

8. వాడిది సన్న గొంతు. గోతి అంచుకు వచ్చి, వంగి, "బొగ్దాప్రోస్తే" అని గట్టిగా చెప్పమనండి. నేను వినాలి. పుంజు దానంతటదే వచ్చిందని గనక అంటే మట్టి వేయకండి. ఆ కృతజ్ఞత మాట చెప్పేదాకా ఆగండి. నాకు తొందరేం లేదు.

కలఫత్, 14 అక్టోబరు 2019
(సంతకం) ఒక్తావియన్ బ్లిదారు

సాక్షులు:
సెవాస్టియన్ ముష్కాలు, మంగలి
తియోదోరా వెర్గు, పక్కింటావిడ